పెరటాసి శనివారం జపాను భోజనం

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. వాన పడుతోందని నేనంటే మా ఆవిడ వాకిట్లోకి వెళ్ళి, చెయ్యి చాపి, చినుకు తగిలాకే ఆరేసిన బట్టలు తీస్తుంది. జ్వరమని ఆఫీసుకు ఫోన్ చేస్తే మా పెద్ద గుమాస్తా నేను చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసి, "తలనొప్పి అన్నమాట, మధ్యాన్నం నుంచి రాప్పా" అనేవాడు. కాబట్టి ఇది చదివేవాళ్ళు కూడా కొంచెం కుదించుకుని చదువుకోండి. నేను గుండిగ అంటే గిన్నె అనుకోండి, సముద్రం అంటే చెంబెడు నీళ్ళనుకోండి. అయితే జరిగిన సంగతి మాత్రం జరిగిందే. ఒకే ఒక్క చోట కల్పించాను. అది ఎక్కడో చివర్లో నేనే చెప్పేస్తాను.

రెండు వేల ఏడో, ఎనిమిదో సంవత్సరం. తిరుపతిలో రేణిగుంటకు పోయే రోడ్డులో మా బామ్మర్ది జపాను హోటలు పెట్టాడు.

ఈ మాట మీరు ఇప్పుడు చదివినంత తేలిగ్గా ఆ రోజు ఊరు వినలేదు. అప్పటికి మాకు పరాయి దేశపు తిండి అంటే సాయంత్రం బండి మీద ఇనప బాణలి గలగలలాడించి ఇచ్చే నూడుల్సే. జపాను అంటే రేడియోలూ గడియారాలూ చేసే దేశమని తెలుసు. వాళ్ళకు ఆకలేస్తుందన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

మా బామ్మర్ది చెన్నైలో కార్ల ఫ్యాక్టరీలకు వచ్చే జపాను వాళ్ళ కోసం ఒక జపాను పెద్దాయన నడిపే చిన్న హోటల్లో వంట నేర్చాడు. కూరగాయలు తరగడంతో మొదలుపెట్టి, చివరికి ఆ పెద్దాయన ఊరికి వెళ్తే హోటలంతా తనే నడిపేదాకా వచ్చాడు. అక్కడ సుఖంగా ఉండక తిరుపతి వచ్చేశాడు. రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో మిషన్లు బిగించడానికి జపాను ఇంజనీర్లు వస్తున్నారని, పాపం వాళ్ళు మన సాంబారు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారని ఎవరో చెప్పారట. ఎవరో ఏమిటి, నేనే. కళ్ళనీళ్ళ సంగతి కూడా నాదే.

హోటలంటే ఒకటే షట్టరు గది. నాలుగు బల్లలు. నేను మా ఆఫీసులో నలభై అని చెప్పాను, అది వేరే విషయం. రేటు మీల్సు హోటలు కంటే కొంచెం ఎక్కువ, బిరియానీ కంటే కొంచెం తక్కువ. పై నుంచి గుమ్మడికాయలంత ఎర్ర కాగితం బుడ్డీలు వేలాడేవి, లోపల బల్బులు. వాకిట్లో సగం దాకా వేలాడే నీలం తెర ఒకటి, దానికి నడిమధ్య నిలువునా చీలిక. జపానులో అట్లాగే కడతారట. మా అత్త మొదటిసారి వచ్చి ఆ చీలిక చూసి, పిల్లోడు చినిగిన గుడ్డ కట్టుకుని వ్యాపారం చేస్తున్నాడని కడుపు తరుక్కుపోయి, సూదీ దారం తెప్పించి చక్కగా కుట్టేసింది. ఆ సాయంత్రం వచ్చిన ఇంజనీర్లు తెర ముందు నిలబడి, దారి ఎటో తెలియక, అలవాటు కొద్దీ దానికే వంగి దండం పెట్టారు.

చెన్నై పెద్దాయన దగ్గర మా వాడు వంటతో పాటు పద్ధతులూ నేర్చుకొచ్చాడు. తినేవాడి గిన్నెలోకి తొంగి చూడకూడదు. ఇంకొంచెం వెయ్యనా అని వెంటపడకూడదు. కావాలంటే వాళ్ళే అడుగుతారు. తినడం అయిపోతే టీ పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఈ నియమాలను మా వాడు దీక్షలో ఉన్నవాడిలా పాటించేవాడు. ఒకసారి నేను రెండో గిన్నె కోసం దగ్గితే, "దగ్గు మందు తెప్పించేదా బావా" అన్నాడు.

జనం వచ్చేవారు. కొత్త వింత కదా, కాలేజీ పిల్లలు వచ్చేవారు, ఇంజనీర్లు వచ్చేవారు. చిక్కంతా మా మామతో.

మా మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నాకు పిల్లనిచ్చింది తర్వాత, చెవి మెలిపెట్టింది ముందు. ఏర్పేడు దగ్గర పల్లెలో చెనిక్కాయ, వరి పండించేవాడు. హోటలు ఉన్న బిల్డింగు ఆయనదే. కొడుకు ఆ గది అడిగితే ఇచ్చాడు గానీ, ఆయన మనసు టైర్ల షాపు మీద ఉండేది. టైర్ల వ్యాపారి ఒకాయన ఆ గది కోసం రోజూ ఫోన్ చేసేవాడు. ఒకరోజు టేపు తెచ్చి, లోపల జనం తింటుండగానే గోడలు కొలుచుకుని పోయాడు.

"టైరు కుళ్ళదు, మిగిలిపోదు, ఉప్పు ఎక్కువాయెనని ఎవురూ తిట్టరు," అనేవాడు మామ. "నువ్వు చెన్నైకే పోరా. ఆడ జీతమన్నా వస్తాది."

"నాయనా, నువ్వు ఒక్క పూట వచ్చి తిని సూడు. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాడు మా బామ్మర్ది.

మామ ఒప్పుకున్నాడు. ఒక పూట కూర్చుని తింటాడు. కడుపు నిండితే గది కొడుకుది, నిండకపోతే టైర్లాయనది. ఇంత సూటి ఒప్పందం నేను కోర్టుల్లో కూడా చూడలేదు. నా వైపు తిరిగి ఇంకో షరతు కూడా పెట్టాడు.

"నువ్వు పక్కన కూర్చో అల్లుడా, కాదనను. నోరు మాత్రం తెరవగూడదు. నువ్వు మాట్లాడితే నేను తినిందేందో నాకే తెలీకుండా పోతాది."

"నేనేం మాట్లాడతా మామా."

"అదో, మొదలుపెట్టినావు."

ఎప్పుడొస్తావని కొడుకు అడిగాడు. "వచ్చే శనివారం. కొండ దిగి నేరుగా వచ్చేస్తా," అని తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే మా బామ్మర్ది బల్ల మీద తల పెట్టేశాడు. ఎందుకంటే అది పెరటాసి నెల, తమిళుల లెక్కలో ఏడుకొండలవాడి నెల. మా వైపు పెరటాసి వస్తే నీసు ముట్టని ఇళ్ళే ఎక్కువ. శనివారమైతే చెప్పే పని లేదు, కోళ్ళు కూడా ధైర్యంగా రోడ్డు మధ్యలో నడుస్తాయి. మామ ఏటా పెరటాసి శనివారాలు తిరుమలకు పోతాడు. గుండు కొట్టించుకుని, దర్శనం అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు.

"చేప లేకుండా చెయ్యరా, అంతే కదా," అన్నాను.

"బావా, ముక్క తీసేస్తే చేప పోదు. మా చారుకే ఎండు చేప. కూరకూ అదే, నూడుల్సుకూ అదే. బజ్జీ నంజుకునే నీళ్ళల్లో కూడా అదే."

అప్పటిదాకా ఆ చారు శాకాహారమనుకుని తాగిన మా వీధి పంతులుగారు మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చారు; ఆ విషయం మళ్ళీ ఎత్తకూడదని అనుకున్నాం.

వాడు అబద్ధం చెప్పి పెట్టేస్తే మామకు తెలిసేది కాదు. ఎండు చేప పొడి ఆయన నాలుకకు ఏం తెలుస్తుంది? కానీ ఆ మాట నేను కూడా అనలేదు. గుండుతో, ఉపవాసంతో కొండ దిగి వచ్చే మనిషికి అట్లా పెట్టడం మా ఇళ్ళల్లో లేదు. మా వాడు పాత గిన్నెలన్నీ డాబా మీదికి ఎక్కించాడు. కొత్త గిన్నెలు కొన్నాడు. కత్తులు మార్చాడు, తరిగే పీటలు మార్చాడు. పొయ్యిని ఎంత తోమాడంటే, అందులో నా ముఖం చూసుకుని మీసం కత్తిరించుకున్నాను. ఆ శనివారం చేప లేదని ఇంజనీర్లకు ముందే చెప్పేశాడు. వాళ్ళు ఎందుకని అడగలేదట, సరేనని తల ఊపారట.

శనివారం మధ్యాహ్నం మామ వచ్చాడు. నున్నటి గుండు, దాని నిండా గంధం. తెర దగ్గర అందరూ వంగుతారు, ఆయన వంగలేదు. ఏడుకొండలవాడి ముందు తప్ప ఇంకెక్కడా వంగే ఉద్దేశం లేనట్టు నేరుగా నడిచాడు. నీలం తెర గుండు మీదుగా పాకి, పచ్చటి గంధపు చార ఒకటి అంటించుకుని వెనక్కి పడింది.

నేనూ, మా ఆవిడా ఆయనకు అటూ ఇటూ కూర్చున్నాం. కొడుకు పళ్ళెం తెచ్చి పెట్టాడు. దాంట్లో చిన్న చిన్న గిన్నెలు. ఒకదాంట్లో చారు, ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో సోయా జున్ను ముక్కలు. పక్కన వంకాయ, చిలగడదుంప బజ్జీలు, తినడానికి రెండు పుల్లలు. మధ్యలో, లోపల దోసకాయా కారెట్టూ పెట్టి నల్లటి ఆకుతో చుట్టి కోసిన అన్నం చుట్టలు.

మామ ఆ గిన్నెల వైపు చాలాసేపు చూశాడు.

"ఏంరా, బొమ్మల పెండ్లికి వండినావా?"

"తిను నాయనా, ముందు."

"పుల్లలతోనేనా తినాల?"

"అన్నం చుట్టలు చేత్తోనే తినొచ్చు. ఆ దేశంలో వాళ్ళూ చేత్తో తింటారు."

జపాను దేశం మీద మా మామకు గౌరవం పుట్టిన క్షణం అదే. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఒక చుట్ట తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఈ నల్లగా ఉండేదేంది?"

మా బామ్మర్ది అబద్ధం చెప్పలేదు. "ఆకు నాయనా. సముద్రంలో పెరుగుతాది."

మామ చుట్టను పళ్ళెంలో పెట్టేశాడు. "సముద్రంలోదా," అన్నాడు. "శనివారం పూట."

నా నోట్లో అప్పటికప్పుడు మూడు పురాణాలు, రెండు శాస్త్రాలు తయారయ్యాయి. ఒక్కటి బయటికి వదిలితే చాలు. కానీ మాట ఇచ్చాను, పెదాలు పళ్ళతో పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ మాత్రం నీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరుపుతూ మామూలుగా అడిగింది:

"ఉప్పు యాడ నుంచి వస్తాది నాయనా?"

"సముద్రం నుంచే. అయితే?"

"శనివారం ఉప్పు తింటావు కదా."

"ఉప్పుకు కండ్లు లేవు మ్మే."

"దీనికి మాత్రం ఉండాయా?"

మామ చుట్టను మళ్ళీ తీసి, ఒక వైపు తిప్పి చూశాడు. ఇంకో వైపు తిప్పి చూశాడు. కళ్ళు లేవు. తోక కూడా లేదని నిర్ధారించుకుని నోట్లో వేసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పల్లెల్లో పుట్టినవాడు రాగి సంగటి నమలడు. ముద్ద తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగుతాడు. నమిలేవాడిని చూసి పక్కవాళ్ళు నవ్వుతారు. మామ ఆ అన్నం చుట్టను చూసిన చూపు సంగటి ముద్దను చూసిన చూపే. నంజుకునే నల్లటి పులుసులో ముంచాడు, తల కొంచెం పైకెత్తాడు, గుటుక్కుమన్నాడు. చుట్ట గొంతులో దిగుతున్నప్పుడు బయటికి కనిపించింది. రైలు సొరంగంలో దూరినట్టు దూరి, కంఠం దగ్గర ఒకసారి ఆగి, సిగ్నలు చూసుకుని, కిందికి దిగిపోయింది. మా బామ్మర్ది నీళ్ళ చెంబు పట్టుకుని ఉరికి వచ్చాడు.

"నమలాల నాయనా."

"నమిలితే సంగటికీ దీనికీ మర్యాద యాడుంటాది రా," అని రెండోది వేసుకున్నాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు ఇంజనీర్లు తినడం ఆపేసి, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని చూశారు. వాళ్ళ దేశంలో అంత పని చేసినవాడు లేనట్టుంది.

పళ్ళెం మూలలో ఉలవగింజంత ఆకుపచ్చ ముద్ద ఒకటి ఉంది. దాన్ని తిన్నవాళ్ళు ముక్కు పట్టుకుని వీధిలోకి పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను. మా బామ్మర్ది అది తీసేయబోతే మామ చెయ్యి అడ్డం పెట్టి, వేలితో తీసి నాకేశాడు. మా బామ్మర్ది మళ్ళీ చెంబు అందుకున్నాడు.

"ముక్కుకు ఎక్కింది," అన్నాడు ఆయన నిదానంగా. "నోటికి కారం తెలీలేదు. లోపల ఊరుబిండి పచ్చడి ఉంటే కొంచెం ఎయ్యి."

చారు అన్నంలో పోసుకుని కలిపాడు. సోయా జున్ను ముక్కలు అందులో చిదిమేశాడు. బజ్జీలు మాత్రం నమిలాడు, వాటి మీద నమ్మకం చిన్నప్పటి నుంచీ ఉంది. పదే పది నిమిషాల్లో పళ్ళెంలోని గిన్నెలన్నీ అద్దాల్లా మెరిశాయి.

అసలు ప్రమాదం అప్పుడొచ్చింది.

మా మామ జన్మలో ఎప్పుడూ రెండోసారి అడిగి పెట్టించుకోలేదు. అడగడం ఆయన పద్ధతి కాదు. పెట్టేవాళ్ళు వచ్చి నిలబడాలి, వెయ్యనా అనాలి, ఈయన వద్దనాలి, వాళ్ళు బలవంతం చెయ్యాలి. ఒక పెళ్ళిలో కొత్త వడ్డనవాడు ఈయన వద్దన్న మాట నిజమనుకుని ముందుకు పోయాడు. ఆ పెళ్ళివాళ్ళతో ఈయనకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎందుకో వాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఆయన గిన్నె ఖాళీ. పొద్దున్నుంచి ఉపవాసం. కడుపులో ఇంకా ఒక ఎద్దుల బండి తిరిగేంత చోటు ఉంది. ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఎంగిలి కుడి చెయ్యి పళ్ళెం మీద పెట్టుకుని, గోడ మీద లేని బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. నెయ్యి లేదు, పెరుగు లేదు, వెయ్యనా అనే మనిషి లేడు.

లోపల మా బామ్మర్ది ఖాళీ గిన్నెలు చూశాడు. తినడం అయిపోయింది అనుకున్నాడు. వాడు నేర్చుకున్న చదువు ప్రకారం తొంగి చూడలేదు, వెంటపడలేదు. మర్యాదగా వేడి వేడి ఆకుపచ్చ టీ తెచ్చి తండ్రి ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

మామ ఆ టీ వైపు చూశాడు. పాలు లేవు, చక్కెర లేదు. అన్నిటికంటే ముఖ్యం, అన్నం లేదు.

"ఇదేంది?"

"టీ నాయనా. భోజనం అయినాక ఇస్తారు."

"అయిపోయెనా?" అన్నాడు మామ. చాలా మెల్లగా అన్నాడు. టైర్ల షాపు బోర్డు ఆ గది గోడ మీదికి ఎక్కడం నాకు కనిపించింది. బోర్డు రంగు కూడా చెప్పగలను, పసుపు.

నేను నోరు తెరవకూడదు కదా, కళ్ళతో చెప్పాను. కనుబొమ్మలు ఎగరేశాను, గిన్నె వైపు చూపించాను, అన్నం గుండిగ వైపు చూపించాను, కడుపు వైపు చూపించాను. నాట్యం నేర్చినవాళ్ళు కూడా అంత స్పష్టంగా చెప్పలేరు. మా బామ్మర్ది నా దగ్గరికి వంగి, "కంట్లో ఏమన్నా పడిందా బావా?" అన్నాడు. మా ఆవిడ ఏదో అనబోతే మామ అటు ఒక్క చూపు చూశాడు. ఇది తండ్రికీ కొడుక్కీ మధ్య పరీక్ష, పక్కవాళ్ళు జవాబు చెప్పకూడదు.

మా వాడు లోపలికి వెళ్ళబోయాడు. వంటగది వాకిట్లో ఉన్న చిన్న తెర దాకా వెళ్ళి, ఎందుకో వెనక్కి తిరిగాడు. తెర రెండు ముక్కలు వాడి రెండు చెవుల మీదా వేలాడుతున్నాయి. తండ్రి చెయ్యి వైపు చూశాడు. ఆ చెయ్యి ఇంకా కడుక్కోలేదు. మెతుకులు ఆరిపోతున్నాయి. పంపు పక్కనే ఉంది, అయినా ఆయన లేవలేదు.

వాడు లోపలికి పోయాడు. ఈసారి వచ్చేటప్పుడు చేతిలో చిన్న గిన్నె లేదు. అన్నం వండిన పెద్ద గిన్నె చంకలో పెట్టుకుని, గరిటె పట్టుకుని వచ్చాడు. వెనకాలే చారు గిన్నె తెచ్చిపెట్టాడు. తండ్రి పక్కన, మా అత్త ఇంట్లో ఎట్లా నిలబడుతుందో అట్లా, ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాడు.

"ఇంకొంచెం ఏసుకో నాయనా."

"వద్దురా."

"కొంచెమే."

"వద్దంటా ఉండానా. కడుపులో చోటు ల్యాదు."

"ఉంటాదిలే. చెయ్యి తియ్యి."

మామ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టాడే గానీ వేళ్ళు ఎంత ఎడంగా పెట్టాడంటే ఆ సందుల్లో నుంచి ఒక్కో గరిటెడు అన్నం ధారాళంగా దిగింది. వద్దు వద్దంటూనే చెయ్యి మెల్లగా పక్కకు జరిపాడు. గిన్నె నిండింది, ఖాళీ అయింది. "ఇంక సాలు" అన్నాడు, నిండింది. "నా మాట ఇనవా" అన్నాడు, మళ్ళీ నిండింది. బజ్జీలు వచ్చాయి, చుట్టలు వచ్చాయి. పక్క బల్ల ఇంజనీర్లు ఇది చూసి, తమ గిన్నెల మీద కూడా చేతులు అడ్డం పెట్టి, వేళ్ళు ఎడంగా చాపి, మా వాడి వైపు ఆశగా చూశారు. వాడు వాళ్ళకూ వడ్డించాడు. చెన్నై పెద్దాయన చూసి ఉంటే ఆ నిమిషమే సన్యాసం తీసుకునేవాడు.

ఎన్ని గిన్నెలయ్యాయో నేను చెప్పను, చెప్పినా మీరు భాగిస్తారు. చివరికి చెయ్యి గిన్నె మీద అడ్డం పెట్టినప్పుడు వేళ్ళు దగ్గరగా ఉన్నాయి. కొడుకు గరిటె దించేశాడు. మామ లేచి, పంపు దగ్గర చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. చల్లారిన టీ ఒక గుక్కలో తాగి, ముఖం ముడుచుకుని గ్లాసు పెట్టాడు. కొడుకు వైపు చూసి ఇట్లా అన్నాడు:

"నిండింది రా. టైర్లాయన్ను వేరే సోటు సూసుకోమను. ఈ గది నీదే."

మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను నోరు తెరవడానికి అనుమతి వచ్చిందనుకుని తెరిచాను. మామ చూశాడు. మూసేశాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్పేస్తాను. చుట్టను మింగడం నిజం. గంధపు చార నిజం, ఉతికినా పోలేదు. ఇంజనీర్లు చేతులు అడ్డం పెట్టడం నిజం, ఒట్టు. నేను కల్పించింది మామ అన్న ఆ చివరి మాట ఒక్కటే, దాని వెనకాల వచ్చిన మా ఆవిడ కన్నీళ్ళతో సహా. మామ అట్లాంటి మాట అనలేదు, ఆయన అనే మనిషీ కాదు. టీ తాగి, తువ్వాలు భుజాన వేసుకుని, "బస్సుకు టైమాయె" అని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా మా బామ్మర్దికి నిద్ర లేదు. గది ఉందో పోయిందో ఎవరినీ అడగలేక గోడలు చూస్తూ గడిపాడు.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం హోటలు కిక్కిరిసిపోయింది. పెరటాసిలో నీసు లేని జపాను భోజనం దొరుకుతుందని వీధంతా పాకింది, ఎవరు పాకించారో అడగకండి. నాలుగు బల్లలూ నిండాయి. అప్పుడు కొండ దిగిన మామ, చెప్పా పెట్టకుండా, మా అత్తను వెంటబెట్టుకుని వచ్చాడు. మా వాడు కంగారుగా, ఎవరినైనా లేపి చోటు చేస్తానన్నాడు.

"తినేవాళ్ళను లేపగూడదు రా," అన్నాడు మామ. ఈ మాట నిజంగా అన్నాడు, మా అత్త సాక్షి. ఆమెను నీడలో స్టూలు మీద కూర్చోబెట్టి, తన సొంత బిల్డింగు మెట్టు మీద తను కూర్చుని, లోపలున్నవాళ్ళు చేతులు కడుక్కునేదాకా రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు.